ఈ దస్తావేజును నమ్మొచ్చా?

ఇటలీలో చదివి కెనడాలో పాఠం చెప్పిన ఆచార్యురాలు లుచానా దురాంతి. మూడు శతాబ్దాల కిందట పుట్టిన శాస్త్రాన్ని ఆమె ఈమెయిళ్ల మీద, కంప్యూటర్ ఫైళ్ల మీద ప్రయోగించారు. ఆ చదువుతో మనకూ పని ఉంది.

1989 జనవరి 19. అమెరికా అధ్యక్షుడిగా రోనాల్డ్ రీగన్‌కు అది చివరి పూర్తి రోజు. మర్నాడు జార్జ్ బుష్ ప్రమాణ స్వీకారం. శ్వేతసౌధం సిబ్బంది వాడిన ఈమెయిల్ టేపులను చెరిపేసి, వచ్చేవాళ్లకు ఖాళీ యంత్రాలు అప్పగించాలని పాతవాళ్లు అనుకున్నారు. సంగతి తెలిసి పాత్రికేయుడు స్కాట్ ఆర్మ్‌స్ట్రాంగ్, నేషనల్ సెక్యూరిటీ ఆర్కైవ్ అనే పరిశోధన సంస్థ ఆ రోజే కోర్టు మెట్లెక్కారు. టేపుల జోలికి వెళ్లొద్దని సాయంత్రానికి జడ్జి బారింగ్టన్ పార్కర్ ఆదేశించారు.

అంత తొందరపడటానికి కారణం ఉంది. ఇరాన్‌కు దొంగచాటుగా ఆయుధాలమ్మి, ఆ సొమ్మును నికరాగువా తిరుగుబాటుదారులకు మళ్లించిన కుంభకోణం అప్పటికి బయటపడింది. అందులో ప్రధాన పాత్రధారి ఆలివర్ నార్త్ తన సందేశాలను యంత్రంలోంచి తీసేశాడు. అవి బ్యాకప్ టేపుల్లో మిగిలిపోయి దర్యాప్తు చేసేవాళ్లకు చిక్కాయి. టేపులు పోతే సాక్ష్యం పోయినట్టేనని అందరికీ అర్థమైంది.

ముఖ్యమైన సందేశాలను ప్రింటు తీసి ఫైల్లో పెడతాం, ఇక టేపులెందుకని ప్రభుత్వం వాదించింది. కేసు ఏళ్లపాటు నడిచింది. 1993 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ప్రింటు తీసిన కాగితంలో సందేశం ఉంటుంది గానీ, అది ఎవరెవరికి వెళ్లింది, ఎప్పుడు అందింది అన్నవి ఉండకపోవచ్చు. అవి లేనప్పుడు ఆ కాగితం అసలు రికార్డుకు సమానం కాదని తీర్పు వచ్చింది.

దావా పడిన 1989లోనే ఖండానికి ఇంకో చివర, కెనడాలోని వాంకూవర్‌లో, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ అధ్యాపకురాలొకరు ఇదే విషయం మీద వ్యాసాలు మొదలుపెట్టారు. ఆమె లుచానా దురాంతి. కెనడా ఆర్కైవిస్టుల పత్రిక ‘ఆర్కైవేరియా’లో వరసగా ఆరు వ్యాసాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం మధ్యయుగాల ఐరోపా రాజశాసనాల గురించి, మఠాల దానపత్రాల గురించి. ఈమెయిళ్ల కాలంలో మఠాల దానపత్రాలు ఎందుకని అప్పుడు అడిగినవాళ్లు ఉండే ఉంటారు. ఆ తర్వాత పాతికేళ్లలో ప్రపంచంలోని ఆర్కైవ్స్ శాఖలు డిజిటల్ రికార్డుల గురించి ఆలోచించిన తీరులో ఆ ఆరు వ్యాసాల ముద్ర బలంగా ఉంది.

దురాంతి రోమ్‌లో చదువుకున్నారు. ఇటలీలో స్టేట్ ఆర్కైవ్స్ సొంతంగా బడులు నడుపుతాయి. పాత లిపులు చదవడం, దస్తావేజుల నిర్మాణం, కార్యాలయాల చరిత్ర అక్కడ నేర్పుతారు. ఆ సంప్రదాయంలో తయారై, కొంతకాలం రోమ్‌లోనే బోధించి, 1987లో ఆమె కెనడా వెళ్లారు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో అప్పటికే 1981 నుంచి ఆర్కైవ్స్ చదువుకు ప్రత్యేకంగా ఒక మాస్టర్స్ డిగ్రీ ఉంది. ఉత్తర అమెరికాలో అలాంటిది అదే మొదటిది. అంతకుముందు అక్కడ ఆర్కైవిస్టు కావాలంటే చరిత్రలో డిగ్రీ తెచ్చుకోవాలి, లేదా లైబ్రరీ సైన్సులో చేరి ఒకటి రెండు పేపర్లు చదవాలి. మిగతాదంతా ఉద్యోగంలో చేరాక పెద్దవాళ్ల దగ్గర నేర్చుకోవడమే. ఇది దానంతటదే ఒక శాస్త్రమనీ, దీనికి సిద్ధాంతం ఉందనీ నిలబడి వాదించిన తొలి ఆచార్యుల్లో టెర్రీ ఈస్ట్‌వుడ్, దురాంతి ముఖ్యులు.

ఇద్దరు సన్యాసుల తగవు

ఆమె వెంట తీసుకెళ్లిన శాస్త్రం పేరు డిప్లొమాటిక్స్. రాయబారానికీ దీనికీ సంబంధం లేదు. ఒక దస్తావేజును దాని రూపం, భాష, ముద్ర, సాక్షులు, తయారైన పద్ధతి ఆధారంగా పరీక్షించి అసలుదో కాదో తేల్చే విద్య ఇది. పుట్టిన కథ వినదగ్గది.

1675లో డానియెల్ పాపెబ్రోక్ అనే జెస్యూట్ పండితుడు మహాత్ముల జీవిత చరిత్రలను శోధిస్తూ, ఫ్రాన్స్ మఠాల్లో ఉన్న పురాతన దానపత్రాల మీద అనుమానం లేవనెత్తాడు. ఎంత పాతదని చెప్పుకుంటే అంత సందేహించాలన్నది ఆయన ధోరణి. బెనెడిక్టైన్ మఠాలకు అది ప్రాణం మీదికొచ్చింది. భూములు, హక్కులు అన్నీ ఆ పత్రాల మీదే నిలబడి ఉన్నాయి. పారిస్‌లోని సాఁ జెర్మాఁ దె ప్రె మఠంలో ఉండే ఝాఁ మబియోఁ అనే బెనెడిక్టైన్ సన్యాసి జవాబు రాయడానికి పూనుకున్నాడు. కోపంతో ఎదురు తిట్టవచ్చు. ఆయన ఆ పని చెయ్యలేదు. మఠం మఠం తిరిగి పత్రాలు చూశాడు. ఏ కాలంలో ఏ లిపి రాశారు, రాజు పేరు ముందు ఏ బిరుదులు వాడారు, తేదీ ఎలా వేశారు, ముద్ర ఎక్కడ వేశారు, కాగితమా తోలా అన్నవి పోల్చి చూసి 1681లో ‘దె రె డిప్లొమాటికా’ అనే గ్రంథం వేశాడు. ఒక్క లక్షణం చూసి నమ్మకూడదు, ఒక్క లోపం చూసి కొట్టెయ్యకూడదు, అన్నిటినీ కలిపి తూచాలన్నది అందులోని పద్ధతి.

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చింది తర్వాత జరిగింది. పాపెబ్రోక్ ఆ పుస్తకం చదివి, తన వాదం ఓడిపోయిందనీ, ఇంత మంచి పుస్తకానికి తాను కారణమైనందుకు సంతోషంగా ఉందనీ మబియోఁకే ఉత్తరం రాశాడు. పండితుల చర్చల్లో ఇలాంటి పెద్దమనసు ఎప్పుడో గానీ కనపడదు. ఒక విద్య పుట్టడానికి వాదించినవాడి తెలివి ఎంత అవసరమైందో, ఒప్పుకున్నవాడి నిజాయతీ కూడా అంతే అవసరమైంది.

మన శాసనాలు చదివినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనం ఒకటి తీసుకోండి. స్వస్తి అంటూ మొదలవుతుంది. రాజవంశం, ఒక్కో రాజూ ఎన్నేళ్లు ఏలాడో వస్తుంది. దానం పుచ్చుకున్నవారి గోత్రం, ఊరు, నాలుగు దిక్కుల ఎల్లలు వస్తాయి. ఆ తర్వాత దానం అపహరించినవారికి శాపాలు, చివర ఆజ్ఞప్తి పేరు, కావ్యం కట్టినవాడు, చెక్కినవాడు. రేకులను గుచ్చిన కడియానికి వరాహముద్ర, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే అక్షరాలు. ఐరోపా శాస్త్రం దస్తావేజును ఆరంభం, విషయం, ముగింపు అని మూడు భాగాలు చేసి పరీక్షిస్తుంది. మన రేకుల్లో ఆ మూడూ చక్కగా కనపడతాయి. దొంగ రేకులు చేసినవాళ్లూ ఉన్నారు. శాసన పండితుడు జె.ఎఫ్. ఫ్లీట్ 1901లో ‘ఇండియన్ యాంటిక్వరీ’లో నకిలీ శాసనాలను పట్టికగా వేశారు. లిపి ఒక కాలానిది, చెప్పుకున్న సంవత్సరం ఇంకో కాలానిది అయినప్పుడు దొంగ దొరికిపోతాడు.

దురాంతి చేసిన పని ఏమిటంటే, ఈ పరీక్షను కాలం చెల్లిన దస్తావేజుల మీదినుంచి తెచ్చి ఇవాళ పుడుతున్న దస్తావేజు మీద పెట్టడం. ఈమెయిలుకు ముద్ర ఏది? డేటాబేసులో సాక్షి సంతకం ఎక్కడుంటుంది? ఒకే పత్రం పది కంప్యూటర్లలో ఉంటే అసలు ప్రతి ఏది? మబియోఁ తోలుపత్రాన్ని అడిగినవన్నీ ఆమె కంప్యూటర్ ఫైలును అడిగారు.

ముద్ర నిజమే, మాట అబద్ధం

ఆమె 1995లో రాసిన ఒక వ్యాసంలో రెండు విషయాలను విడదీసి చూపించారు. ఒకటి, దస్తావేజు చెప్పిన విషయం నమ్మదగ్గదేనా అన్నది. రెండోది, అది తాను ఏమని చెప్పుకుంటోందో అదేనా, మధ్యలో ఎవరైనా చెయ్యి పెట్టారా అన్నది. ఈ తేడా మన గ్రామాల్లో పండు ముసలివాళ్లకు కూడా తెలుసు. పొలం గట్టు తొక్కకుండా ఆఫీసులో కూర్చుని రాసిన పంచనామా ఉందనుకోండి. కాగితం అసలుదే. సంతకం అసలుదే. స్టాంపు అసలుదే. ఎవరూ దిద్దలేదు. అందులో ఉన్నది మాత్రం అబద్ధం. భద్రంగా దాచినంత మాత్రాన అది నిజమైపోదు. దస్తావేజు విలువ అది పుట్టేటప్పుడే నిర్ణయమవుతుంది: రాసినవాడికి రాసే అధికారం ఉందా, రాయాల్సిన పద్ధతిలో రాశాడా, ఇంకొకరు సరిచూశారా. అందుకే ఆర్కైవిస్టు పని పాత కాగితాలు వచ్చాక మొదలైతే ఆలస్యమైపోతుందని ఆమె వాదన. కార్యాలయంలో కాగితం పుట్టే పద్ధతిని కట్టేటప్పుడే ఆర్కైవిస్టు అక్కడ ఉండాలి.

ఇది ఎంత పాత అవసరమో తెలియాలంటే హైదరాబాదు తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. దక్కన్‌లో మొగలుల పాలన నాటి పారశీక కాగితాలు అక్కడ లక్షకు పైగా ఉన్నాయి. షాజహాను, ఔరంగజేబు కాలాల రోజువారీ పరిపాలన వాటిలో ఉంది. వాటిలో అర్జ్-ఓ-చెహ్రా అనే పత్రాలు ఒక రకం. సైనికుడి పేరు, తండ్రి పేరు, మొహం ఎలా ఉంటుంది, ఏ గుర్తులున్నాయి, గుర్రం రంగేమిటి, దానికి వేసిన ముద్రేమిటి, అన్నీ రాసి ఉంటాయి. ఇరుగుపొరుగువాడి గుర్రాన్ని అరువు తెచ్చి తనదని చూపించి జీతం తీసుకోకుండా కట్టుదిట్టం చేయడమన్నమాట. పుట్టేటప్పుడే నమ్మకం కట్టిన రికార్డు అది. ఇప్పుడు వాటిని చదవాలంటే పారశీకం ఒక్కటే చాలదు, గొలుసుకట్టుగా రాసే శికస్తా లిపి రావాలి. అది రావడానికి గురువు కావాలి, ఏళ్లు కావాలి.

దురాంతి సిద్ధాంతంలో ఇంకో మూలస్తంభం దస్తావేజుల మధ్య సంబంధం. ఒంటరి కాగితం రికార్డు కాదంటారామె. అదే పనిలో దాని ముందు పుట్టిన కాగితంతో, తర్వాత పుట్టిన కాగితంతో ఉన్న బంధమే దానికి అర్థాన్నిస్తుంది. స్థలం కొనేటప్పుడు మనం లింకు డాక్యుమెంట్లన్నీ అడుగుతాం. ఈసీ తీయిస్తాం. ఆఖరి సేల్ డీడు ఒక్కటే చూసి డబ్బులిచ్చేవాణ్ని ఊళ్లో ఎవరూ మెచ్చరు. ఆర్కైవ్స్‌లో ఒక శాఖ కాగితాలను వాటి అసలు క్రమంలోనే ఉంచాలి, విషయాల వారీగా విడగొట్టి కలపకూడదన్న పాత నియమానికీ ఆధారం ఈ బంధమే.

1994లో దురాంతి, ఈస్ట్‌వుడ్, వారి పరిశోధక విద్యార్థిని హెదర్ మెక్‌నీల్ కలిసి ఎలక్ట్రానిక్ రికార్డుల సమగ్రత మీద ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. అమెరికా రక్షణ శాఖ వీరితో చెయ్యి కలిపింది. 1997లో ఆ శాఖ తెచ్చిన రికార్డుల సాఫ్ట్‌వేర్ ప్రమాణం వెనుక ఈ పరిశోధన ఉంది. మానవీయ శాస్త్రాల పరిశోధన ఒకటి, అదీ మఠాల దానపత్రాల నుంచి బయల్దేరింది, సాఫ్ట్‌వేర్ కంపెనీలు పాటించాల్సిన నియమంగా మారడం మామూలు సంగతి కాదు.

1999లో ‘ఇంటర్‌పారెస్’ మొదలైంది. అనేక దేశాల పండితులు, ఆర్కైవ్స్, సంస్థలు కలిసి చేసిన ఈ పరిశోధనకు దురాంతి సారథి. ఒక దశ ముగియగానే ఇంకో దశ. మొదట కార్యాలయాల డేటాబేసులు. తర్వాత కళాకారుల, శాస్త్రవేత్తల డిజిటల్ రచనలు: కంప్యూటరుతో కలిసి వాయించేలా కట్టిన సంగీతం, ఆ కంప్యూటరు మూలపడ్డాక ఏమవుతుంది? ఆ తర్వాత చిన్న సంస్థలు, ఆపైన క్లౌడ్. తొలి దశలోనే తేలిన విషయం ఒకటి మామూలు పాఠకుడికీ పనికొస్తుంది. ఎలక్ట్రానిక్ రికార్డును యథాతథంగా దాచడం సాధ్యం కాదు, దాన్ని మళ్లీ పుట్టించగల శక్తిని మాత్రమే దాచగలం. బీరువాలోని కాగితం తీసినప్పుడల్లా అదే కాగితం. కంప్యూటరులోని ఫైలు మాత్రం తెరిచిన ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది. ప్రతిసారీ అదే తయారైందని ఎవరో ఒకరు పూచీ పడాలి. ఆ పూచీ పడే మనిషే ఆర్కైవిస్టు. సీడీల్లో దాచుకున్న పెళ్లి వీడియోలు తెరుచుకోక బాధపడ్డ ఇళ్లకు ఇది వేరే చెప్పాలా!

చెరిపేసినవారి సంగతి?

ఈ శాస్త్రంలో దురాంతి మాటే వేదం కాదు. అదే కెనడాలో, మానిటోబా విశ్వవిద్యాలయంలో బోధించిన టెర్రీ కుక్ (1947-2014) ఆమె ఆలోచనకు గట్టి ప్రతివాది. రికార్డు దానంతటదే నిష్పాక్షిక సాక్షి కాదనీ, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో నిర్ణయించే ఆర్కైవిస్టు కూడా చరిత్రను రాస్తున్నట్టేననీ ఆయన అన్నారు. కాగితాలు ఒక్కొక్కటీ తిరగేసి విలువ కట్టే బదులు, ప్రభుత్వం పౌరుడితో ఎక్కడెక్కడ తలపడుతుందో చూసి ఆ పనుల రికార్డు ఉంచాలన్నది ఆయన పద్ధతి.

మన ఆఫీసుల్లో ఫైలు మూసేటప్పుడు ఆర్.డిస్. అని రాస్తే శాశ్వతం, డి.డిస్. అయితే పదేళ్లు, ఎల్.డిస్. అయితే ఏడాది. సెక్షన్ గుమస్తా కలం కదిలిన రెండు క్షణాల్లో ఒక కుటుంబం అర్జీకి ఆయుష్షు నిర్ణయమైపోతుంది. కుక్ బెంగ అదే.

దక్షిణాఫ్రికా ఆర్కైవిస్టు వెర్న్ హారిస్ ఇంకా ముందుకెళ్లారు. వర్ణవివక్ష ప్రభుత్వం దిగిపోయే ముందు చేసిన పని ఆయన దగ్గరి నుంచి చూశారు. 1993లో కొద్ది నెలల్లోనే జాతీయ ఇంటెలిజెన్స్ సంస్థ ప్రధాన కార్యాలయం దాదాపు 44 టన్నుల కాగితాలు, మైక్రోఫిల్ములు నాశనం చేసిందని తర్వాత సత్యశోధన సంఘం తేల్చింది. మిగిలిన కాగితాల నిజానిజాలు తేల్చే శాస్త్రం ఉంది సరే, బూడిదైన కాగితాల సంగతేమిటి? అసలు కాగితం ఎన్నడూ పుట్టనివారి సంగతేమిటి?

రెండో ప్రశ్న వాంకూవర్‌కు దగ్గరిదే. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉన్నది ముస్క్వియం ఆదివాసులు ఎన్నడూ రాసివ్వని నేల మీద. అదే రాష్ట్రంలో గిట్క్‌సాన్, వెట్సువెటెన్ తెగల పెద్దలు 1980లలో తమ భూమి కోసం కోర్టుకెళ్లారు. పట్టాలు లేవు. తరతరాలుగా విందుసభల్లో చెప్పుకునే వంశగాథలు, పాడుకునే పాటలు ఉన్నాయి. మేరీ జాన్సన్ అనే పెద్దావిడ సాక్షిబోనులో పాట ఎత్తుకోబోతే, తనకు పాట వినే చెవి లేదని జడ్జి అలెన్ మెక్‌ఈకర్న్ అడ్డుచెప్పారు. 374 రోజుల విచారణ తర్వాత 1991లో ఆ గాథలకు సాక్ష్యంగా విలువ లేదన్నారు. 1997 డిసెంబరు 11న కెనడా సుప్రీంకోర్టు ఆ వైఖరిని తప్పుబట్టింది. మౌఖిక చరిత్రను కాగితం సాక్ష్యంతో సమానంగా పరిగణించాలంది. డెల్గముక్ కేసుగా ప్రసిద్ధమైన ఈ తీర్పు ఆర్కైవ్స్ తరగతి గదుల్లో తప్పనిసరి చర్చ అయింది.

మనకు సకిని రామచంద్రయ్య గుర్తుకు రావాలి. సమ్మక్క సారలమ్మల గాథను, కోయ వంశాల చరిత్రను డోలి మీద పాడిన ఆ కళాకారుడికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆ గొంతులో ఉన్నదంతా రికార్డే.

నా మట్టుకు నేను కుక్, హారిస్‌లు వేసిన ప్రశ్నలు లేకుండా ఆర్కైవ్స్ చదువు అసంపూర్ణమంటాను. అయినా మన కాలానికి దురాంతి పనే ముందు కావాలి. ఎవరి చరిత్ర మిగలాలన్న వాదన చెయ్యాలంటే, మిగిలినది నిజమైనదని చూపగలగాలి. పేదవాడి చేతిలోని పట్టా అసలుదని నిరూపించలేనప్పుడు, అతని పక్షాన చెప్పే ఏ సిద్ధాంతమూ కోర్టులో నిలవదు. చెరిపినవారిని పట్టుకోవడానికి కూడా చెరపకముందు ఏముందో తెలియాలి.

చదువు ఎక్కడ, కొలువు ఎక్కడ

మన దేశంలో కలకత్తాలో 1891లో ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంట్ ఏర్పడింది. అదే నేటి జాతీయ ఆర్కైవ్స్. దాని ఆధ్వర్యంలో ఢిల్లీలో 1976లో మొదలైన శిక్షణ సంస్థ 1980 నుంచి స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌గా ఏడాది డిప్లొమా ఇస్తోంది. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర కార్యాలయాల్లో రికార్డు అధికారి ఉండాలంటుంది, అనుమతి లేకుండా శాశ్వత రికార్డు నాశనం చేస్తే జైలు శిక్ష కూడా పెట్టింది. చట్టం సరే. ఆ అధికారి కుర్చీలో కూర్చునే మనిషికి ఈ విద్య వచ్చి ఉండాలి. తెలుగు, ఉర్దూ, పారశీకం, మోడీ లిపి, ఇంగ్లిషు అన్నిట్లో రికార్డులున్న మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలకు ఇది ఉద్యోగాల కోర్సుగా కూడా పనికొస్తుంది. చరిత్ర చదివిన పిల్లలు, కంప్యూటర్ సైన్సు చదివిన పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చోవాల్సిన చదువు ఇది. దురాంతి విద్యార్థులు ఇవాళ అనేక దేశాల్లో ఆచార్యులుగా ఉన్నారంటే, ఒక విశ్వవిద్యాలయం నాలుగు దశాబ్దాల కింద ధైర్యం చేసి ఒక డిగ్రీ పెట్టడం వల్లే.

2021లో ఇంటర్‌పారెస్ కృత్రిమ మేధ వైపు తిరిగింది. కంప్యూటర్ శాస్త్రవేత్త ముహమ్మద్ అబ్దుల్ మజీద్‌తో కలిసి దురాంతి దీన్ని నడిపించారు. చేతిరాతలు చదవడానికి యంత్రాన్ని ఎలా వాడుకోవాలన్నది ఒక భాగం. రెండో భాగం మనకు ఇంకా ముఖ్యం. యంత్రం ఒక నిర్ణయం తీసుకుంటే, ఏ సమాచారం చూసి, ఏ నియమంతో, ఎవరి ఆమోదంతో తీసుకుందో ఆ జాడ కూడా రికార్డుగా దాచాలి. దీనికి వారు పారాడేటా అనే పేరు వాడుతున్నారు. మనుషులు నిర్ణయించేటప్పుడు నోట్‌ఫైలు చేసిన పని అది.

తెలంగాణలో 2016 నుంచి దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. వేర్వేరు శాఖల సమాచారాన్ని కలిపి చూసే కంప్యూటర్ పద్ధతి అందులో వాడారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 2022లో కోర్టు ఆ కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమంది. కార్డు పోయిన ఒక తల్లి ఎమ్మార్వో ఆఫీసుకు వచ్చి, నా పేరు ఏ లెక్కన తీశారయ్యా అని అడిగితే, ఆ అధికారి తెర మీద ‘అనర్హులు’ అన్న మాట ఒక్కటే చూపించకూడదు. ఏ శాఖ డేటాలో ఆమె పేరుకు ఏ కారు, ఏ భూమి అంటగట్టారో, ఏ తేదీన, ఎవరు సరేనన్నారో తీసి చూపగలగాలి. ఆ సాఫ్ట్‌వేర్‌కు టెండరు పిలిచే రోజున బల్ల దగ్గర శిక్షణ పొందిన ఆర్కైవిస్టు ఒకరు కూర్చుని, ఈ వివరాలన్నీ ఆర్.డిస్. కింద ఉండాలని షరతు రాయించాలి. భూముల రికార్డులకూ, పింఛన్లకూ, ఆసుపత్రి కాగితాలకూ ఇదే షరతు పెట్టించాలి.